జగిత్యాల కోట కట్టించినవానికి విజ్ఞానంలో ఎన్ని మార్కులు?

మా కళాశాలలో ఒకనాటి మధ్యాహ్నం, లోహాల పాఠం ముగిసిన తరువాత, ఒక విద్యార్థి నా బల్ల దగ్గరకు వచ్చి చిత్రమైన ప్రశ్న ఒకటి అడిగాడు. ఆ పిల్లవాడు సెలవులలో కంప్యూటరుమీద ఒక ఆట ఆడుతుంటాడు. చరిత్రలోని నాయకులలో ఒకరిని ఎన్నుకొని, రాజ్యాన్ని పెంచి, ఇతర రాజ్యాలతో పోటీపడి గెలవవలసిన ఆట అది. అందులో ఏ నాయకునికి ఏ బలమున్నదో ముందే నిర్ణయించి ఉంటారు. ఒకరికి వర్తకం, ఒకరికి రాయబారం, ఇంకొకరికి సైన్యం, విజ్ఞానం.

“సార్, మన జగిత్యాల కోట కట్టించినాయన గా ఆటల ఉంటే, మీరైతే సైన్యంల ఎన్ని మార్కులేస్తరు? సైన్సుల ఎన్ని మార్కులేస్తరు?” అని అతని ప్రశ్న.

“రెండింటిలోను పదికి ఎనిమిది” అని నేను వెంటనే చెప్పివేశాను. పిల్లవాడు సంతోషించి వెళ్లిపోయాడు. ఇంటికి పోయి ఆలోచించగా, ఆ ఎనిమిదికి నా వద్ద ఏ ఆధారమూ లేదని తెలిసింది. ప్రయోగం చేయకుండా రీడింగు వ్రాసుకొన్న విద్యార్థిని మందలించే నేను, ఆనాడు చేసినది అదే పని. అందుచేత ఆ లెక్కను మొదటినుండి మళ్లీ చేసి చూడవలసి వచ్చినది. ఆ లెక్కయే ఈ వ్యాసం.

ఆటలో నాయకుని బలం

ఆ పిల్లవాడు ఆడే ఆట పేరు “సివిలైజేషన్”. సిడ్ మయర్ అనే అమెరికా దేశీయుడు రూపొందించగా ఇది 1991లో మొదట వెలువడినది. దీని ఏడవ రూపం 2025 ఫిబ్రవరిలో వచ్చినది. ఈ ఏడవ రూపంలో నాయకుల గుణాలు ఆరు: సంస్కృతి, దౌత్యం, ఆర్థికం, విస్తరణ, సైన్యం, విజ్ఞానం. ఒక్కొక్క నాయకునికి వీటిలో రెండింటిని కేటాయించారు. మన అశోకుడు కూడ ఆ నాయకులలో ఉన్నాడు. సైన్యం, విజ్ఞానం అనే రెండు గుణాలూ కలిసి వియత్నాం వీరనారి ట్రుంగ్ ట్రాక్‌కు లభించాయి. ఆమెను ఎన్నుకొన్నవారి మొదటి సేనానికి ఆదిలోనే పదోన్నతి కలుగుతుంది. ఉష్ణమండలంలోని ఆమె నగరాలలో విజ్ఞానం అధికంగా పండుతుంది.

చరిత్రలో ఈమె ఎవరు? క్రీ.శ. 40లో తన చెల్లెలు ట్రుంగ్ న్హీతో కలిసి చైనా హన్ సామ్రాజ్యంపై తిరుగుబాటు చేసి, కొద్దికాలం స్వతంత్రంగా ఏలిన స్త్రీ. క్రీ.శ. 43లో మా యువాన్ అనే చైనా సేనాని ఆ తిరుగుబాటును అణచివేశాడు. ఆమె సైనికబలానికి చరిత్రలో ఆధారం ఉన్నది. కాని విజ్ఞానబలం? ఆమె శాస్త్రాన్ని పోషించినట్లు ఏ గ్రంథమూ చెప్పదు. ఆ దేశంలో గొప్ప లోహవిద్య ఉండిన మాట మాత్రం నిజం. వారు పోతపోసిన పెద్ద కంచు డోళ్లు నేటికీ పురావస్తుశాలలలో ఉన్నాయి. విజేతయైన మా యువాన్ అట్టి డోళ్లను పట్టుకొని కరిగించి, గుర్రపుబొమ్మ పోయించినట్లు చైనా చరిత్ర చెప్పుతున్నది. ఆ డోళ్లు పోసినవారి పేర్లు మాత్రం ఎక్కడా లేవు. ఆటలో వారి నేర్పంతా రాణిగారి ఖాతాలో జమ అయినది!

ఆట తయారుచేసినవారిని ఇందుకు తప్పుపట్టనవసరం లేదు. ఆట సాగవలెనంటే ఒక ముఖం, ఒక పేరు, ఒక అంకె కావలెను. కాని చరిత్ర చదివే విద్యార్థి ఆ అంకెను విప్పి, దానిలో నాయకునిది ఎంత, ఇతరులది ఎంత అని విచారించవలెను. ఇక ఈ విచారణను మన ఊరికి తీసుకొని వద్దాము.

జగిత్యాల కోట

జగిత్యాల పట్టణానికి ఉత్తరాన ఉన్న కోట మన ప్రాంతపు ఇతర కోటలవంటిది కాదు. కరీంనగర్‌కు చేరువలో మానేరు ఒడ్డున ఉన్న ఎల్గందల్ కోటను చూడండి. అది గుట్టను ఆసరా చేసుకొని ఎక్కినది. శత్రువు పైకి ఎక్కుటకు ఆయాసపడవలెను. పైనున్నవాడు సుఖంగా చూచి కొట్టవచ్చును. జగిత్యాల కోట సమతలంమీద ఉన్నది. దాని ఆకారం నక్షత్రంవలె కోణాలు కోణాలుగా ఉన్నది. చుట్టూ అగడ్త ఉన్నది.

దీనిని జఫరుద్దౌలా అనే బిరుదుగల ఇబ్రహీం బేగ్ కోసం ఫ్రెంచి ఇంజనీర్లు 1747లో కట్టినట్లు పాత ఇంపీరియల్ గెజెటీరు చెప్పుతున్నది. ఇతడు 18వ శతాబ్దంలో నిజాము కొలువులోని సేనాని. గోదావరికి ఇవతల ఎల్గందల్, జగిత్యాలలలోను, అవతల నిర్మల్‌లోను అధికారం నెరపినవాడు. ఎల్గందల్ కోటలోని మసీదు కూడ 1754లో ఇతడు కట్టించినదే. ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు “జాక్”, “టాల్” అనేవారి పేర్లమీదుగా జగిత్యాలకు ఆ పేరు వచ్చినదని ఊరివారు కొందరు చెప్పుతారు. కాని ఊరి పక్కనే ఉన్న పొలాసను 12వ శతాబ్దంలో ఏలిన ప్రభువులలో జగ్గదేవుడు అనే పేరు ఉన్నది. రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూచినవారికి, ఇంజనీర్లు రాకముందే ఊరికి పేరుండి ఉండునని తోచక మానదు.

సంవత్సరం విషయంలో కూడ జాగ్రత్త అవసరం. ఫ్రెంచి సేనాని బుస్సీ హైదరాబాదు రాజ్యానికి సైన్యంతో వచ్చినది 1751లో. ఇక్కడ ఉండినది 1758 వరకు. కోట 1747 నాటిదే అయినచో, ఆ ఇంజనీర్లు బుస్సీకి ముందుగానే సొంతంగా బ్రతుకుతెరువు వెతుక్కొంటూ వచ్చినవారు కావలెను. అట్టి ఐరోపావారు ఆనాడు దక్కనులో లేకపోలేదు. ఎట్లయినను కోటను గీసినవాడు ఒకడు, కట్టించినవాడు ఇంకొకడు అన్నది స్పష్టం.

కోణాలు ఎందుకు?

ఈ కోణాలలో ఒక మంచి భౌతికశాస్త్ర పాఠం ఉన్నది. 5 కిలోల ఇనుపగుండు సెకనుకు 300 మీటర్ల వేగంతో వచ్చి గోడను తాకినదనుకొందాము. దాని గతిశక్తి, ద్రవ్యరాశిలో సగాన్ని వేగవర్గంతో గుణించగా, 2,25,000 జౌళ్లు. 100 కిలోల బండను సుమారు 230 మీటర్ల ఎత్తునుండి జారవిడిచినంత శక్తి అది. ఎత్తైన, నిటారైన, సన్నని రాతిగోడ ఇట్టి దెబ్బలు పదేపదే తింటే కూలిపోవును. కనుక ఫిరంగులు బలపడిన కొలది గోడలు పొట్టివై, మందమై, లోపల మట్టితో నిండినవి. మట్టి చెదిరి కదులుతూ గుండు శక్తిని మింగివేయును. రాయి వలె పగలదు.

రెండవది చూపు సమస్య. గుండ్రని బురుజు ముందు, పక్క గోడలమీదినుండి ఎవ్వరికీ కనిపించని చిన్న త్రికోణాకారపు చోటు ఒకటి మిగిలిపోవును. శత్రువు అక్కడికి చేరినచో క్షేమంగా కూర్చొని గోడకు సొరంగం తవ్వవచ్చును. బురుజును గుండ్రంగా కాక మొనదేలినట్లు కట్టినచో, ఆ చోటు బురుజులోనే కలిసిపోవును. అప్పుడు ప్రతి గోడను పక్క బురుజునుండి కాపాడవచ్చును. విద్యార్థులు కాగితంమీద ఒక వృత్తాన్ని, పక్కనే ఒక త్రికోణాన్ని గీసి, పక్క బురుజులనుండి సరళరేఖలు లాగి చూచినచో ఇది వెంటనే బోధపడును. ఈ పద్ధతి 15వ శతాబ్దం చివర, 16వ శతాబ్దంలో ఇటలీలో వృద్ధిచెందినది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో వోబాన్ దీనిని శాస్త్రంగా తీర్చిదిద్దాడు.

కావున జఫరుద్దౌలా ఎన్నుకొన్నది ఆనాటి లోకంలోని మేలైన కోటకట్టు విద్య. గుట్టలేని చోట కోట కావలసి వచ్చినప్పుడు జ్యామితిని గుట్టగా వాడుకొన్నాడు. నేను “ఎనిమిది” అన్నది బహుశా ఇది తలచుకొనియే. కాని ఇంకా రెండు చోట్లకు పోవలసి ఉన్నది.

నిర్మల్ ఫిరంగులు

గోదావరి దాటి నిర్మల్ చేరుదాము. నేడు ఈ ఊరిని బొమ్మల పేర అందరూ ఎరుగుదురు. 18వ శతాబ్దంలో ఇది ఫిరంగుల పోతకు పేరుపొందినది. ఇక్కడి కార్ఖానానుండి నిజాము సైన్యానికి ఫిరంగులు పోయేవి. ఊరిచుట్టూ ఉన్న కోటలలో కూడ ఫ్రెంచివారి చేయి కనిపించును. ఒక సేనాని తన అధికారంలోని ప్రాంతంలోనే ఫిరంగులు పోయించుకొనగలుగుట చిన్న విషయం కాదు. గొట్టం నిడివి పొడుగునా లోహం ఒకే విధంగా గట్టిపడవలెను. లోపల గాలిబుడగ మిగిలినచో ఫిరంగి పేలి, పేల్చినవారినే చంపును.

అయితే ఈ నేర్పు కొనసాగిన తీరు ఎట్టిది? దీనికి హైదరాబాదు నగరంలోనే ఒక ఉదాహరణ దొరుకును. రేమాన్ అనే ఫ్రెంచి సేనాని నిజాము కోసం 1795లో ఫిరంగుల కార్ఖానా నెలకొల్పాడు. ఆ పేట నేటికీ గన్‌ఫౌండ్రీ అనే పేరుతోనే ఉన్నది. రేమాన్ 1798 మార్చిలో మరణించాడు. ఆ సంవత్సరమే సెప్టెంబరు 1న నిజాము ఆంగ్లేయులతో సంధి చేసుకొన్నాడు. అక్టోబరులో ఫ్రెంచి దళాలను నిరాయుధులను చేసి, వారి అధికారులను దేశంనుండి పంపివేశారు. రాజ్యానికి ఫిరంగులు మిగిలాయి. వాటిని గూర్చి లెక్కకట్టి చెప్పగలవారు వెళ్లిపోయారు. జీతానికి తెచ్చుకొన్న విద్య జీతగాండ్రతోనే పోయినది.

కోనసముద్రం ఉక్కు

ఇప్పుడు మూడవ చోటు. పాత కరీంనగర్ జిల్లా సరిహద్దుకు సమీపంలో, నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రం అనే గ్రామమున్నది. 1820 ప్రాంతంలో హెన్రీ వాయిసీ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఇక్కడ ఉక్కు చేయు విధానాన్ని చూచి వ్రాసిపెట్టాడు. అతని మరణానంతరం అది 1832లో అచ్చయినది. గోదావరికి ఉత్తరాన నిర్మల్ వైపున దిమ్మదుర్తి ప్రాంతంలో అయస్కాంతానికి అంటుకొనే నల్లని ఇనుపరేణువులను రాతినుండి వేరుచేసి, కడిగి, బొగ్గుతో కరిగించి ఇనుము తీసేవారు. కోనసముద్రంలో రెండు విధాల ఇనుమును కలిపి, మంటకు తాళే మట్టితో చేసిన మూసలలో పెట్టి మూసివేసి, తిత్తులతో రాత్రింబవళ్లు ఊదేవారు. మూసను చల్లార్చి పగులగొట్టగా చిన్న ఉక్కుముద్ద బయటపడేది. అది దాదాపు ఒకటిన్నర పౌను, అనగా సుమారు 680 గ్రాముల బరువు. ఆ ముద్దకు మట్టి పూసి, మళ్లీ మళ్లీ కాచి చల్లార్చి, దాని పెళుసుదనాన్ని తగ్గించేవారు.

ఈ ఉక్కు కొనుటకు పర్షియా దేశంలోని ఇస్ఫహాన్‌నుండి వచ్చి, గ్రామంలో కూర్చొని, తన ఎదుటనే ముద్దలను తూపించి పరీక్షించుకొంటున్న వర్తకుని వాయిసీ చూచాడు. తమ దేశంలో దీనిని చేయ ప్రయత్నించి విఫలులైనట్లు ఆ వర్తకుడే చెప్పాడట. డమాస్కస్ కత్తులని లోకం పొగడిన కత్తులకు మూలధాతువు ఇట్టి ఉక్కే. ఆంగ్లేయులు దీనిని “వూట్జ్” అన్నారు. మన “ఉక్కు” అనే మాటయే వారి చెవిలో అట్లు మారినదని పండితుల అభిప్రాయం.

దీనిని కూడ ఒక ఆటలో పెట్టారు. “ఏజ్ ఆఫ్ ఎంపైర్స్” రెండవ ఆటకు 2022లో చేర్చిన భాగంలో ద్రావిడ రాజ్యానికి “వూట్జ్ స్టీల్” అనే విద్య ఉన్నది. అది సంపాదించగానే కాల్బలం, గుర్రపుదళం కొట్టే దెబ్బకు శత్రువు కవచం అడ్డురాదు. మీట నొక్కితే సైన్యమంతటికీ ఒకేసారి బలం వచ్చివేయును! వాస్తవం అట్టిది కాదు. ఒక ముద్దనుండి ఒక కత్తి అలుగు రావచ్చును. దాని గొప్పతనం అంచు పదునులోను, గట్టితనంలోను, అలలవంటి చారలలోను ఉన్నది. కవచాన్ని మాయం చేయుటలో లేదు. ఇక ఫిరంగి సంగతి చూడండి. ఒక టన్ను బరువుగల ఫిరంగికి ఇట్టి ముద్దలు సుమారు 1,500 కావలెను. వాటిని అతికించుటకు ఎక్కువగా కాచినచో, కర్బనం నూటికి దాదాపు ఒకటిన్నర పాళ్లున్న ఈ ఉక్కు పెళుసై పగిలిపోవును. అందుచేతనే ఫిరంగులకు కంచు లేదా వేరు రకం ఇనుము వాడేవారు.

కావున ఒకే గోదావరి తీరాన, కొద్దిదినాల నడకలో, మూడు విద్యలు ఉండినవి: జగిత్యాలలో కోట జ్యామితి, నిర్మల్‌లో ఫిరంగి పోత, కోనసముద్రంలో ఉక్కు. ఒక్కొక్కటి తన తన చోట గొప్పది. కాని కోట గీసినవాడు ఉక్కు కమ్మరిని ఏమైనా అడిగినాడా? ఫిరంగి పోసినవాడు తన లెక్కను ఎవరికైనా వ్రాసి ఇచ్చినాడా? ఈ మూడింటిని ఒకచోట కూర్చి, “ఇది ఇట్లేల జరుగుచున్నది?” అని ప్రశ్నించే ఏర్పాటు ఒకటి ఉండవలసినది. అట్టి ఏర్పాటు ఎట్లుండునో తెలియుటకు అదే సంవత్సరం వేరొక దేశంలో జరిగిన సంగతి చూడవలెను.

1747లోనే ప్యారిస్‌లో

జగిత్యాల కోటకు గెజెటీరు చెప్పిన 1747వ సంవత్సరంలోనే, ప్యారిస్ నగరంలో వంతెనలు, రోడ్లు కట్టే ఇంజనీర్లకోసం ఒక రాజకీయ పాఠశాల స్థాపించారు. మరుసటి ఏడు 1748లో మెజియేర్ అనే ఊరిలో సైనిక ఇంజనీర్ల పాఠశాల ఏర్పడినది. కొంతకాలానికి ఈ రెండవ పాఠశాలకు గాస్పార్ మోంజ్ అనే యువకుడు వచ్చాడు. తండ్రి చిల్లర వర్తకుడు. గొప్ప కుటుంబం కాదు గనుక అధికారుల తరగతిలో చోటు దొరకలేదు. పటాలు గీసే పనివారిలో చేరాడు. ఒకనాడు అతనికి కోట గోడల ఎత్తును నిర్ణయించే లెక్క ఒకటి ఇచ్చారు. శత్రువు ఏ ఎత్తునుండి చూచినా లోపలివారు కనబడకుండ, గుండు తగలకుండ గోడను గీయవలెను. అందరూ దినాల తరబడి అంకెలతో కుస్తీపట్టే ఆ లెక్కను మోంజ్ కేవలం రేఖలు గీసి తేల్చివేశాడు. ఇంత త్వరగా అయినదంటే తప్పై ఉండునని పై అధికారి మొదట చూచుటకే ఒప్పుకోలేదట.

ఆ పద్ధతిని చాలాకాలం సైనికరహస్యంగా దాచిపెట్టారు. 1795లో మోంజ్ దానిని బహిరంగంగా బోధించగలిగాడు. నేడు మన పాలిటెక్నిక్, ఇంజనీరింగు విద్యార్థులు ఒక వస్తువును ముందునుండి, పైనుండి, పక్కనుండి చూచినట్లు గీసే డ్రాయింగుకు మూలం అదే.

అంతటితో ఆగలేదు. అదే మోంజ్ 1786లో మరి ఇద్దరు శాస్త్రజ్ఞులతో కలిసి, మెత్తని ఇనుముకు, ఉక్కుకు, పోతఇనుముకు గల భేదం కర్బనంలో ఉన్నదని విశదపరచాడు. ఫ్రెంచి విప్లవకాలంలో దేశానికి ఉక్కు కొరత కలిగినప్పుడు, ఉక్కు చేయు విధానాన్ని కమ్మరులకోసం వ్రాసినవారిలో అతడొకడు. ఫిరంగులు పోయు విధానంపై 1794లో ఒక పుస్తకమే వ్రాశాడు. కోట, ఉక్కు, ఫిరంగి. మన గోదావరి తీరాన మూడు ఊళ్లలో విడివిడిగా ఉండిన మూడు విద్యలు, అక్కడ పాఠశాల పుణ్యమా అని ఒక చిల్లర వర్తకుని కుమారుని తలలో కలిసినవి. అతడు వాటిని కాగితంమీద పెట్టగా, తరువాతివారు అక్కడినుండి మొదలుపెట్టారు.

మన ఉక్కును గూర్చిన ప్రశ్నలు కూడ దూరదేశంలోనే పుట్టినవి. 1795లో జార్జి పియర్సన్ లండను రాయల్ సొసైటీలో దీనిపై వ్యాసం చదివాడు. 1819లో మైఖేల్ ఫారడే, ఇతడూ కమ్మరి కొడుకే, ఈ ఉక్కును పరీక్షించి, దాని గుణానికి అల్యూమినియం వంటివి కారణమనుకొన్నాడు. అది పొరపాటు. తరువాత ఫ్రాన్సులో బ్రెయాన్ కర్బనమే ముఖ్యకారణమని చూపాడు. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ఒకదానిలో కర్బనపు అతిసూక్ష్మ నాళికలు కనుగొన్నారు. ఫారడే తప్పును ఇంకొకరు దిద్దుటకు వీలైనది, అతడు దానిని అచ్చువేయించినందుననే. మన కమ్మరుల ఒప్పును వారి మనుమలు నిలుపుకొనుటకు కూడ వీలులేకపోయినది. 1856లో బెస్సిమర్ పద్ధతి వచ్చి, చౌక ఉక్కు ఓడలలో దిగుమతి కాగానే కొలుములు ఆరిపోయినవి; కొలిమితోపాటు విద్యయు ఆరిపోయినది.

ఒక ఆక్షేపణ

“మన దేశంలో విద్య నిలిచే ఏర్పాట్లే లేవా?” అని ఎవరైనా అడుగవచ్చును. ఉండినవి. కాకతీయులనాటి చెరువులను తలచుకొనండి. చెరువును త్రవ్వించిన ప్రభువు పోయినా, దశబంధం అనే ఏర్పాటు క్రింద చెరువు మరమ్మతు చేసేవారికి భూమి ఇచ్చేవారు. కట్ట తెగినప్పుడు ఏమి చేయవలెనో తెలిసినవారు ప్రతి ఊరిలోను ఉండేవారు. అందుకే వందలాది చెరువులు శతాబ్దాల తరబడి నిలిచినవి. విద్యకు రక్ష పాఠశాల భవనమే కానవసరం లేదు. ఆ పని నేర్చి, నేర్పి బ్రతుకగలిగే ఏర్పాటు కావలెను. కమ్మరుల ఇళ్లలో తండ్రి కొడుకుకు నేర్పేవాడు నిజమే. కాని ఆ పాఠం ఒక ఇంటి గోడ దాటలేదు, కాగితం ఎక్కలేదు. సంతలో కొనేవాడు తప్పుకోగానే తెగిపోయినది.

మార్కులు మళ్లీ

ఇక నా లెక్క. నాయకుని కొలుచుటకు నాలుగు ప్రశ్నలు వేసుకొన్నాను. ఒకటి: ఆ పని అతడు చేయించినట్లు ఆధారమున్నదా? రెండు: ఆ విద్య అతని ప్రాంతంలో పెరిగినదా, కొని తెచ్చినదా? మూడు: అతడు పోయిన తరువాత ఇంకొకడు దానిని చేయగలిగినాడా? నాలుగు: ఒక విద్య తెలిసినవారిని ఇంకొక విద్య తెలిసినవారితో కలిపినాడా?

జఫరుద్దౌలాకు మొదటి ప్రశ్నలో మంచి మార్కులు వస్తాయి. ఎల్గందల్ మసీదు మినారు ఊపితే ఊగునని చెప్పుతారు. ఒక చివర బిగించిన స్కేలును మీటినట్లు, పొడుగాటి సన్నని కట్టడం తన సహజమైన లయలో కదులుట దీనికి మూలసూత్రం. పగుళ్లు రాకుండ అట్లు కట్టుట మేస్త్రీల నేర్పు. అట్టి మేస్త్రీలను ఎంచుకొనుట నాయకుని నేర్పు. సైన్యంలో, నిర్మాణంలో ఏడేసి మార్కులు నేను సంకోచం లేకుండ వేయగలను. రెండవ ప్రశ్నలో సగం. మూడు, నాలుగు ప్రశ్నలలో దాదాపు సున్న. విజ్ఞానంలో పదికి మూడు.

ఇది అతనిమీద కోపంతో వేసిన మార్కు కాదు. అతడు ఒక రాజ్యానికి లోబడిన సేనాని. ఎప్పుడు ఏ యుద్ధం వచ్చునో తెలియని కాలం. అటువంటివాడు పాఠశాల పెట్టలేదని నిందించుట న్యాయం కాదు. కాని చేయని పనికి మార్కు వేయుట కూడ న్యాయం కాదు. తక్కిన మార్కులు కోటను గీసినవారికి, ఫిరంగి పోసినవారికి, మూస చేసినవారికి చెందవలెను. వారి పేర్లు మనకు తెలియవన్న కారణంచేత వారి సొమ్మును నాయకుని ఖాతాలో వేయరాదు.

మరునాడు తరగతిలో ఈ మాట చెప్పి, నా ఎనిమిదిని నల్లబల్లమీద వ్రాసి, కొట్టివేసి, మూడు వేశాను. ఆ విద్యార్థి కొంతసేపు ఊరుకొని, “మా తాత పొలం గట్టున ఇనుప చిట్టెం కుప్ప ఉంది సార్. అదేందో ఎవ్వరికి తెల్వదు. రోడ్డు గుంతలల్ల పోయనీకి బండ్లతోని తీసుకపోతరు. దానికెన్ని మార్కులు?” అన్నాడు.

ఆ ఆదివారం మేము ఎనిమిదిమంది ఆ పొలానికి పోయాము. నల్లగా, గాజువలె మెరిసే ముద్దలు. మధ్యమధ్య ఎర్రగా కాలిన మట్టి ముక్కలు. ఊదు గొట్టం పెంకులు. అయస్కాంతానికి కొన్ని అంటుకొన్నాయి, కొన్ని అంటుకోలేదు. ఇనుము ఎక్కువగా మిగిలిపోయిన ముద్దలేవో, బాగా తీసివేసినవేవో పిల్లలే వేరుచేశారు. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారు, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంవారు కలిసి మన ఉత్తర తెలంగాణ జిల్లాలలో ఊరూరా తిరిగి ఇట్టి చోట్లను నమోదు చేశారు. ఇట్టి చోట్లు మన జిల్లాలలో ఎన్నో ఉన్నాయి. కుప్పను బండ్లకెత్తిన తరువాత మాత్రం నమోదు చేయుటకు ఏమీ మిగలదు.

ఈ పని చేయగోరే ఉపాధ్యాయులకు ఖర్చు ఏమీ లేదు. ఒక అయస్కాంతం, ఒక కొలతతాడు, ఒక నోటుపుస్తకం చాలును. కుప్ప పొడుగు, వెడల్పు, ఎత్తు కొలవండి. ఊరి పేరు, చెలక పేరు, దగ్గరి వాగు పేరు వ్రాయండి. పెద్దలనడిగి అక్కడ కొలుములుండిన మాట వింటే, ఎవరు చెప్పినారో కూడ వ్రాయండి. ఏ ముక్కనూ ఇంటికి తీసుకొని పోవద్దు. ఒక ప్రతిని పాఠశాలలో ఉంచి, ఒక ప్రతిని రాష్ట్ర వారసత్వ శాఖకు పంపండి.

మా విద్యార్థుల నోటుపుస్తకంలో ఆ కుప్ప పొడుగు 14 అడుగులు, వెడల్పు 9 అడుగులు, ఎత్తు మోకాలిబంటి. మార్కుల గడిలో వారు ఏమీ వేయలేదు. దాని పక్కన ఆ విద్యార్థి తాత మాట ఒకటి వ్రాసుకొన్నారు: ఈ ఏడు బండ్లు కట్టనీయనని.